గోరువెచ్చని ధార

పడవ ఒక్కటే తిరిగొచ్చింది. మసేను మాత్రం ఇంజిను వేడెక్కిన చోటే, నీళ్ల మీద నిలబడి ఉన్నాడు. బరువు తగ్గితే ఇంజిను చల్లబడుతుందని తనే దిగానని అక్కణ్ణించి కేకేసి చెప్పాడు. అది చల్లబడింది, అతన్ని వదిలేసి ఇంటిదారి పట్టింది.

ఒడ్డు నుంచి చూస్తే అతను కనబడుతూనే ఉన్నాడు. మొదట అరచేయంత ఉండేవాడు, తరవాత వేలంత అయ్యాడు. ఈ పొద్దున బియ్యపుగింజంత. అతని పెళ్లాం కొర్లమ్మ కాలుగాలిన పిల్లిలా ఇసకలో అటూ ఇటూ తిరుగుతోంది. నువ్వుగింజంత అయిపోతే ఇక కంటికి ఆనడు. కంటికి ఆనని మనిషిని ఎక్కడని వెతుకుతుంది?

పేటలో ఇంకా పడవలు లేవా అంటారేమో. ఉన్నాయి, వెళ్లారు కూడా. ఎవరి పడవ ఎంత దగ్గరికి పోతే మసేను అంత వెనక్కి జరుగుతున్నాడు. దిగిన పడవే ఎక్కాలి మరి, పేటలో అది పద్ధతి. నీళ్ల మీద నిలబడ్డంత మాత్రాన పద్ధతి మరిచిపోయే రకం కాదతను.

అందుకే కొర్లమ్మ తన తమ్ముడు ఎల్లాజీని పట్టుకొచ్చింది. ఇంజిన్లు బాగుచేయడం అతని పని. ఇద్దరూ పడవ దించుతారు. అలలు విరిగే చోటు దాటగానే ఇంజిను కుతకుతలాడుతుంది, మళ్లీ ఒడ్డుకు ఈడ్చుకొస్తారు. ఇంజిను బాగుంటే దాని పక్కనుంచి చీపురుపుల్లంత నీటిధార బయటికి చిమ్మాలి. ధార కింద అరచెయ్యి పెట్టి చూస్తారు. గోరువెచ్చగా తగిలితే కులాసా. చుర్రుమంటే ఇంజిను కట్టేయాలి. ఇప్పుడు అసలు ధారే రావడం లేదు.

నీళ్లు పీల్చే నోట్లో నాచు అడ్డం పడిందేమోనని ఎల్లాజీ చెయ్యి పెడతాడు. చెయ్యి మోచేతి దాకా పోతుంది, భుజం దాకా పోతుంది. తరవాత తల, నడుము. చివరికి చెప్పులు బయట విడిచి మనిషి మొత్తం లోపలికి వెళ్లిపోతాడు.

"ఏటున్నాదిరా లోపల?" కొర్లమ్మ ఆ నోటి దగ్గర వంగి అడుగుతుంది.

"ఏటీ నేదప్పా. అలికి ముగ్గెట్టినట్టున్నాది. నీ వంటింటికన్నా సుబ్బరంగా ఉన్నాది."

కొర్లమ్మకు ఒళ్లు మండుతుంది. అక్కడ మొగుడు గింజైపోతుంటే వీడికి వేళాకోళంగా ఉంది.

ఎల్లాజీ రెండు వస్తువులు పట్టుకుని బయటికొస్తాడు. ఒకటి నీళ్లు తోడే రబ్బరు చక్రం. దాని రెక్క ఒక్కటీ విరగలేదు. రెండోది వేడి తగిలితే తెరుచుకుని నీటికి దారిచ్చే ఇత్తడి మూత. దాన్ని పరీక్ష చేయాలంటే మరిగే నీళ్లలో వెయ్యాలి. కొర్లమ్మ పొయ్యి మీద ఒక గిన్నెలో సముద్రం నీళ్లు, మరో గిన్నెలో మంచినీళ్లు పెడుతుంది. రెండూ తెర్లుతాయి.

సముద్రం నీళ్లలో వెయ్యగానే మూత, ఆముదం చూసిన పసిపిల్లలా నోరు బిగించేస్తుంది. మంచినీళ్లలో వేస్తే హాయిగా తెరుచుకుని ఒక నిట్టూర్పు విడుస్తుంది.

ఎల్లాజీ అక్క మొహంలోకి చూస్తాడు. "నువ్వు దీనికి ఏ నీళ్లు పట్టినావు?"

"సేపల యేట ఆపీసిన నెలల్లో కడగమన్నావు కదేటి. కడిగినాను."

"ఉప్పు పోడానికి ఒక్కపాలి కడగమన్నాను. నువ్వెన్నిపాల్లు కడిగినావు?"

"రోజూ పోసినాను. బోరునీళ్లు ఉప్పగా ఉంటాయని కుండలో నీళ్లే పోసినాను. ఒట్టివేళ్లేసి."

ఎల్లాజీ నెత్తి కొట్టుకుంటాడు. ట్యాంకరు దగ్గర నలుగురితో తగువులాడి తెచ్చిన నీళ్లవి. మొగుడికి గ్లాసుతో ఇచ్చి, ఇంజినుకు బిందెతో పోసింది. ఎండలో పడి ఉందని జాలిపడింది, అంతే. అది కాస్తా రుచి మరిగి కూర్చుంది. తన జాలే మొగుణ్ణి అక్కడ నిలబెట్టిందని తెలిసి కొర్లమ్మకు ఏడుపొస్తుంది, కానీ ఏడవడానికి తీరిక లేదు.

"మంచినీళ్ల మీదే నడపాల," అంటాడు ఎల్లాజీ.

"సముద్రం నిండా మంచినీళ్లు ఎక్కణ్ణించి తెత్తావురా?"

"సముద్రం నిండా ఎందుకప్పా, దారి నిండా ఉంటే సాలు."

కొర్లమ్మ వీధిలోకి పరుగెత్తి తలుపు తలుపూ బాదుతుంది. ఆడవాళ్లు చెంబులతో గుమ్మాల్లోకి వస్తారు. సంగతి విని వీధి కదులుతుంది. కొసనున్న కొర్లమ్మ ఇల్లు ముందుగా సముద్రంలో దిగుతుంది, దాని వెనక పక్కిల్లు, దాని వెనక ఇంకో ఇల్లు. "తలుపులు దగ్గరగా ఎయ్యండర్రా, సేపలు దూరతాయి," అని ఓ ముసలామె అరుస్తుంది. వీధి ఊడి కొట్టుకుపోకుండా ఎల్లాజీ దాని ఈ కొస పట్టుకుని ఒడ్డునే నిలబడతాడు.

కొర్లమ్మ ఒక్కతే పడవ నడుపుతుంది. రెండు వైపులా ఇళ్లు, మధ్యన సముద్రం. ప్రతి గుమ్మం దగ్గరా ఒక చెయ్యి ముందుకొచ్చి ఇంజిను నోట్లో చెంబెడు నీళ్లు పోస్తుంది. ధార మొదలవుతుంది. కొర్లమ్మ అరచెయ్యి పెట్టి చూస్తుంది, గోరువెచ్చగా ఉంది. మసేను వేలంత అవుతాడు, అరచేయంత అవుతాడు. ఆమె తొందరకు ఇంజిను చాలడం లేదు.

వీధి చివర వాళ్ల ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు మసేను, మనిషంత. కాళ్లు మోకాళ్ల దాకా ఉప్పు కట్టి గడపకు అతుక్కుపోయాయి. పక్కన కుండ ఉంది. అడుగున ఒక్క చెంబు నీళ్లున్నాయి.

"వచ్చినావేటే," అంటాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

వెనక ఆడవాళ్లు పొయ్యి మీద అన్నం ఉందని తలుపులేసుకుంటున్నారు. ఇళ్లు ఒక్కొక్కటే ఒడ్డుకు మళ్లుతున్నాయి. ధార చుర్రుమంటుంది.

"ముందు ఇంజినుకు నీళ్లు పొయ్యి. అది కాలిపోతన్నాది," అంటాడు మసేను.

"పోత్తే, మళ్లీ నిన్నొదిలేసి ఎల్లిపోద్ది. దానికి సానా పోసినాను మావా. ఇది నువ్వు తాగు."

చెంబు అతని నోటికి పెడుతుంది. గుటక గుటకకూ కాళ్ల మీది ఉప్పు రాలిపోతుంది. అతను పడవెక్కుతాడు. అదే నిమిషంలో ఇంజిను చచ్చి ఊరుకుంటుంది. వాళ్ల ఇల్లు కూడా గుమ్మం ఎత్తుకుని వెళ్లిపోతుంది. చుట్టూ ఉప్పునీళ్లు తప్ప ఏమీ లేవు.

అప్పుడు మసేను పక్కటెముకల కింద నుంచి చీపురుపుల్లంత ధార బయటికి చిమ్ముతుంది.

కొర్లమ్మ అరచెయ్యి పెడుతుంది. చల్లగా తగులుతుంది, శవం కడిగిన నీళ్లంత చల్లగా. అయినా చెయ్యి తీయదు, రెండో చేత్తో అతని మొలతాడు కొస పట్టుకుని, ఇంజిను తాడు లాగినట్టు ఒక్క గుంజు గుంజుతుంది. మసేను దగ్గుతాడు. ఇంకోసారి గుంజుతుంది. ఈసారి అందుకుంటాడు, లోపలెక్కడో డుబడుబమని మొదలవుతుంది. పడవ కదులుతుంది.

ధార నెమ్మదిగా గోరువెచ్చనవుతోంది. ఒట్టివేళ్ల వాసన వేస్తోంది. మసేను నోరు విప్పితే మాట రాదు, ఇంజిను చప్పుడే వస్తుంది. కొర్లమ్మ అతని భుజం పట్టుకుని ఊరివైపు తిప్పుతుంది. ఊరు బియ్యపుగింజంత ఉంది. అది వేలంత అయ్యేదాకా, అరచేయంత అయ్యేదాకా, ఆమె ఆ ధార కింద నుంచి చెయ్యి తీయదు.