కలిసిపోయిన రెండు దిండ్లు

పాత దిండులో దూది తప్ప ఇంకేమీ ఉండదనే వాళ్లతో పరుపులాయనకు ఎప్పుడూ పేచీయే. పదేళ్లు ఒకే తల కింద నలిగిన దూదిలో ఆ తలలోని కలలు కూడా చిక్కుపడి ఉంటాయనీ, ఏకినప్పుడు అవి పింజపింజగా విడిపోయి గాల్లో తేలుతాయనీ అతని వాదన. ఒకసారి పడవ నడిపే మనిషి దిండు ఏకితే మూడు రోజులపాటు దుకాణం నేల అటూ ఇటూ ఊగిందట. నాలుగో రోజు ఒడ్డు తగిలినట్టు ఠక్కున ఆగిందట.

"అంతలేసి అబద్ధాలాడటానికి నీకు నోరెలా వస్తుందయ్యా?" అనేది భార్య.

"నోటితో పనేముందే? ముక్కుతో పీల్చిన కలలేగా చెబుతున్నా!"

అదంతా ఇదివరకటి మాట. ఆమె తల్లి పోయి ఏడు నెలలైంది. అప్పటినుంచీ ఆమె ఏమీ అనడం లేదు, సరిగ్గా నిద్రపోవడమూ లేదు. మంచం ఎక్కదు. తల్లి దిండును ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంటుంది. రెప్ప వాలబోతే చాలు, ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడుతుంది. మనిషి సగమైపోయింది. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి, అవి పొంగి మంట ఆరిపోయేదాకా చూస్తూ ఉండిపోయింది. ఊరందరికీ నిద్రను కుట్టి ఇచ్చేవాడు ఇంట్లో మనిషికి గుప్పెడు నిద్ర ఇవ్వలేకపోతున్నాడు. ఇలాగే ఉంటే ఆమె తనకు దక్కదేమోనని అతని భయం. మనసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామంటే, "నాకేం పిచ్చా?" అని ఒక్క ముక్కతో కొట్టిపారేసింది.

"పోనీ ఆ దిండైనా ఇవ్వవే, ఏకి తెస్తా. రాయిలా ఉంది" అని బతిమాలాడు.

"అమ్మ తల పెట్టిన గుర్తుంది దాంట్లో."

"గుర్తెక్కడికీ పోదు. గుంట పోతుంది, అంతే."

మూడు రోజులు ఆలోచించి ఇచ్చింది. ఇస్తూ వేలు చూపించింది. "ఒక్క పింజ బయటికి పోకూడదు. మా అమ్మ దూది మా అమ్మ దిండులోకే రావాలి. చెబుతున్నా!"

ముప్పై ఏళ్లుగా అతని పద్ధతి అదే. ఎవరి దూది వాళ్లకే. ఏకిన కుప్ప మీద ఆ దిండు గలీబునే కప్పి, అంచుల మీద రాళ్లు పెడతాడు. దుకాణం పెట్టినప్పటినుంచీ ఒకరి దూది ఇంకొకరికి పోలేదు.

ఆ రోజే మనసు డాక్టరమ్మ కూడా తన దిండు తెచ్చింది. అతను రెండూ ఏకి, రెండు కుప్పలూ పక్కపక్కన పోసి, రాళ్ల కోసం వెనక్కి తిరిగాడు. డాక్టరమ్మకు ఉక్కపోసింది. మూలనున్న ఫ్యాను మీట నొక్కింది. అందరి మనసులూ తెలిసిన మనిషికి దూది దుకాణంలో ఫ్యాను వేయకూడదని తెలియలేదు పాపం!

దుకాణంలో మబ్బు పట్టింది. అతను తడుముకుంటూ వెళ్లి మీట ఆపేసరికి రెండు కుప్పలూ ఒకటైపోయాయి. మబ్బులోంచి నాలుగు తుమ్ములు వినిపించాయి.

"కొంపదీసి పాడుచేశానా?" అంది డాక్టరమ్మ, జుట్టంతా తెల్లబడి.

"అబ్బే, వాన పడలేదు కదా డాక్టరమ్మా" అని నవ్వేశాడు గానీ, ఏ పింజ ఎవరిదో అతనికీ తెలియలేదు. కంటి అంచనాతో సగం సగం చేసి రెండు దిండ్లూ కుట్టేశాడు. ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. భార్య దిండు అందుకుని చెంపకు ఆనించుకుంది. "మెత్తగా ఉంది" అంది. మళ్లీ గోడ దగ్గరే కూర్చుంది.

నాలుగో రోజు పొద్దెక్కాక, భార్య దుకాణంలో కూర్చుని గలీబులు కుడుతుండగా, డాక్టరమ్మ దిండు చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇందులో ఏం కుట్టారండీ? మూడు రోజులుగా ఒకటే కల! అది నాది కాదు. నా కలలు నాకు తెలుసు, వాటిలో నేనెప్పుడూ పరీక్షకు ఆలస్యంగా వెళ్తుంటాను."

పరుపులాయన నాలుక కరుచుకున్నాడు.

"ఎవరో పెద్దావిడ. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. మంచం మీద కూర్చుంది. కింద ఎవరో మంచం పట్టెకు తల ఆనించి నిద్రపోతున్నారు. ఆవిడ తన కాళ్ల మీది బూడిదరంగు శాలువా తీసి వాళ్ల భుజాల మీద కప్పింది. నన్ను చూసి, నోటి మీద వేలుంచుకుని, 'మెల్లగా రామ్మా, పిల్ల ఇప్పుడే నిద్రపోయింది' అంది. తర్వాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. రోజూ ఇంతే."

భార్య చేతిలో సూది ఆగిపోయింది.

"అమ్మ పోయిన మధ్యాహ్నం నాకు కునుకు పట్టింది" అంది, ఎవరి వంకా చూడకుండా. "పదంటే పది నిమిషాలు. లేచేసరికి అమ్మ లేదు. శాలువా నా మీద ఉంది. అమ్మ చెయ్యి కూడా ఎత్తలేని మనిషి. ఇంట్లో ఇంకెవరూ లేరు. నేనే నిద్రలో లాగేసుకున్నాననుకున్నా. చివరి ఘడియలో అమ్మ కాళ్లకు చలి వేసిందేమో, నన్ను లేపిందేమో, నేను లేవలేదేమో... ఎవరికీ చెప్పలేదు. ఈయనకు కూడా."

డాక్టరమ్మ దిండును ఒళ్లో పెట్టుకుని చతికిలబడింది. "మనసు ఎక్కడో విన్నదాన్నే కలగా..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగింది. "నేనెక్కడ విన్నాను?" అని తనను తానే ప్రశ్నించుకుంది.

ఇక దాచడం పరుపులాయన వల్ల కాలేదు. ఫ్యాను సంగతి, కుప్పల సంగతి అంతా చెప్పేశాడు. చెప్పి, తిట్లకు తల వంచుకుని నిలబడ్డాడు.

"దూది కలిపేశావా?" అంది భార్య.

"కలిపేశానే."

ఆమె సూది పక్కన పెట్టింది. "అయితే ఇన్నాళ్లూ నువ్వు చెప్పినవన్నీ నిజాలేనా?"

"అన్నీ కాదులే. ఆ పడవది మాత్రం కాస్త..."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆవులింత అయింది. వెనకాలున్న దూది కుప్పకు అలా ఒరిగింది. రెప్పలు వాలాయి. ఈసారి ఉలిక్కిపడలేదు. డాక్టరమ్మ తన దిండు తెచ్చి ఆమె తల కింద దూర్చింది. అతను చేతికందిన కొత్త దుప్పటి తీసి భుజాల మీద కప్పాడు.

అంతలో వీధిలోంచి ఒకాయన పరుపు నెత్తిన పెట్టుకుని, "ఏమయ్యోయ్, ఉన్నావా?" అని కేకేస్తూ గుమ్మమెక్కాడు. పరుపులాయన నోటి మీద వేలుంచుకున్నాడు.

"మెల్లగా రావయ్యా. పిల్ల ఇప్పుడే నిద్రపోయింది."

"ఏ పిల్ల?" అంటూ వచ్చినాయన తొంగి చూశాడు. దూదిలో దూదిలా కలిసిపోయిన నెరిసిన తల కనిపించింది. నోరెత్తకుండా చెప్పులు విప్పి లోపల అడుగు పెట్టాడు. పెట్టినవాడు తూలి, చప్పున గుమ్మం పట్టుకున్నాడు.

కాళ్ల కింద దుకాణం నేల, నీళ్ల మీద ఉన్నట్టు, మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది.