వదిన ముక్కు

జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ వదిన ముక్కులోని వాసనలన్నీ మూటగట్టుకుని పోయింది.

ఇంకొకరికైతే అదో చిన్న చికాకు. వదిన బేకరీలో పొయ్యి దగ్గర మనిషి. రొట్టె ఎర్రబడే ముందు వచ్చే తీపి వాసనని పట్టుకుని సరిగ్గా అప్పుడే తలుపు తెరవడం ఆవిడ పనితనం. పొయ్యికి గంట మోగే ఏర్పాటు ఉన్నా ఏనాడూ దాన్ని ఖాతరు చేయలేదు. "పిండి ఇవాళ తడిగా ఉందో పొడిగా ఉందో ఆ గంటకేం తెలుసు?" అనేది. జ్వరం నుంచి లేచి పనిలోకి వెళ్ళిన రోజునే, తను ఎదురుగా నిలబడి ఉండగానే, ఒక వాయి మొత్తం బొగ్గయింది. పొగ కళ్ళకి తగిలేదాకా తెలియలేదు.

యజమాని చెడ్డవాడు కాదు. కేకలెయ్యకుండా ఆవిణ్ణి రొట్టెలు సంచుల్లో కట్టే బల్ల దగ్గరికి మార్చాడు. "కుదుటపడితే పొయ్యి మళ్ళీ నీదేనమ్మా. కానీ ఎక్కువ రోజులు ఆగలేను, ఎవరినో ఒకరిని చూసుకోవాలి" అన్నాడు. డాక్టరేమో వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని చేతులు దులుపుకున్నాడు.

ఈ వ్యవహారంలో లాభపడింది ఇంట్లో ఒక్క ఆడపడుచే. స్కూలు బస్సు నడిపే ఆ పొడుగు మనిషికి చిన్నప్పటి నుంచీ అరికాళ్ళకి చెమట. ఆమె బూట్లు గడప దాటి లోపలికి రాకూడదని వదిన కాపురానికొచ్చిన కొత్తలోనే శాసనం చేసింది. పాపం, ఆనాటి నుంచీ అవి మెట్ల మీదే ఎండకి ఎండి వానకి తడిశాయి. జ్వరం తర్వాత ఒక సాయంత్రం ఆడపడుచు పరధ్యానంగా బూట్లతోనే హాల్లోకి వచ్చి, సోఫా పక్కన విప్పేసింది. వదిన ఏమీ అనలేదు. గెలిచానని ఎగిరి గంతెయ్యాల్సిన ఆడపడుచు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

మర్నాటి నుంచీ వైద్యం తన చేతుల్లోకి తీసుకుంది. పొద్దున్నే నిమ్మచెక్క, లవంగాలు, కాఫీపొడి ఒక్కొక్కటి ఒక్కో డబ్బాలో పెట్టి, కళ్ళు మూసుకోమని ముక్కు దగ్గరికి తెచ్చేది.

"వస్తోందా?"

"లేదే."

ఆ "లేదే" వినగానే వాడిపోయే ఆమె మొహం చూడలేక, ఒకరోజు వదిన "కాఫీ కదూ? కాస్త వస్తోంది" అనేసింది. ఆడపడుచు డబ్బా వంచి చూపించింది. లోపల ఏమీ లేదు.

"నాతో కూడా అబద్ధమా వదినా?"

వదినకి తల కొట్టేసినట్టయింది.

ఆ ఆదివారం ఆడపడుచు కారు తాళాలు ఊపుకుంటూ వచ్చింది. "నీ పెళ్ళైన కొత్తలో అందరం నేషనల్ పార్కులో జలపాతానికి వెళ్ళాం, గుర్తుందా? అక్కడి తడిరాయి వాసన రొట్టెలో పెట్టగలిగితే ఎంత బాగుండునన్నావు. పద."

గేటు దగ్గర గార్డు రోజూ చెప్పే పాఠం అప్పజెప్పాడు: సబ్బు వాడకూడదు, వాగులో ఏమీ ఉతక్కూడదు, దారి వదలకూడదు. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. జనమంతా దగ్గర్లోని చెరువు వైపు వెళ్తుంటే వీళ్ళు కొండ మీదికి తిరిగారు. పైకి వెళ్ళేకొద్దీ మనుషుల మాటలు ఆగిపోయి, నీళ్ళ చప్పుడు మొదలైంది. వదిన దారి పొడుగునా ఆకులు నలిపి ముక్కుకి పెట్టుకుంటూ, ఆడపడుచు వెనక్కి తిరగ్గానే చప్పున పారేస్తూ నడిచింది. వాగు దాటేటప్పుడు ఆడపడుచు కాలు జారి మోకాలిదాకా మునిగింది. రెండు బూట్లూ నీళ్ళతో నిండిపోయాయి.

రెండు పెద్ద బండల మధ్య నుంచి సన్నగా, తెల్లగా, చెవులు హోరెత్తేలా దూకుతోంది జలపాతం. చుట్టూ ఎవరూ లేరు. వదిన తుంపర్లలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చింది. చల్లగా ఉందంతే. నాచు లేదు, తడిరాయి లేదు. ఇన్నాళ్ళూ తనకి తెలియకుండానే ఈ చోటు మీద ఆశ పెట్టుకుందని అప్పుడర్థమైంది. బండ మీద కూలబడి, అటు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ హోరులో ఎంత ఏడ్చినా ఎవరికీ వినపడదు.

కాసేపటికి ముక్కులో ఏదో గుచ్చుకుంది.

"ఛీ! ఆ బూట్లు అవతల పెట్టవే!"

పక్కన కూర్చుని బూట్లలోని నీళ్ళు ఒంపుతున్న ఆడపడుచు చెయ్యి ఆగిపోయింది. మొహం వెలిగి, అంతలోనే ముడుచుకుపోయింది. "మళ్ళీ మొదలెట్టావా? నేను బూట్లు విప్పడం చూసే అంటున్నావు."

"చూళ్ళేదే, ఒట్టు!"

"కాఫీ డబ్బా రోజు కూడా ఇలాగే అన్నావు వదినా."

"అయితే కళ్ళకి గంతలు కట్టు."

తువ్వాలుతో గట్టిగా కట్టింది. ఆ హోరులో అడుగుల చప్పుడు వినపడదు. ఏం తెస్తోందో, అసలు ముందు ఉందో లేదో తెలిసే దారి లేదు.

"చెప్పు!" అని చెవి దగ్గర కేక.

"ఏమీ లేదు."

"ఇప్పుడు?"

"ఏమీ లేదే." వదిన ఇంకోసారి గట్టిగా గాలి పీల్చింది. వచ్చింది వచ్చినట్టే పోయిందా?

"ఇప్పుడు చెప్పు!"

"అమ్మో! తీసెయ్యవే తల్లీ, చచ్చిపోతాను!"

తువ్వాలు లాగేసి చూస్తే, ఎదురుగా ఆడపడుచు తడి మేజోడు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన రాతి మీద గుప్పెడు నాచు, తినడానికి తెచ్చుకున్న బన్ను. ఆమె బుగ్గల మీద నీళ్ళన్నీ తుంపర్లు కావు.

"ఇంత దూరం జలపాతానికి తీసుకొస్తే, నీకు దొరికింది నా మేజోడా!"

"మొండిది కదా, ముందొచ్చింది. రొట్టె నెమ్మదస్తురాలు, వెనకాల వస్తుంది," అంది వదిన. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. అలవాటుగా మేజోడు నీళ్ళలో జాడించబోయిన ఆడపడుచు చెయ్యి పట్టుకుని ఆపింది. "గార్డు వద్దన్నాడుగా. అయినా ఉతక్కు. పొద్దున డబ్బాలతో పాటు అది కూడా కావాలి."

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. వదిన తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఆడపడుచు ఎవరూ చెప్పకుండానే బూట్లు మెట్ల మీద విడిచి, గడప దాటింది.

వంటింట్లోంచి కేక వినపడింది. "ఇంకొంచెం అవతలికి జరుపు!"