రెండుసార్లు తొక్కిన క్లచ్

నేను ఒక గేరుబాక్సును. కారు అనగానే మీకు రంగు, అద్దాలు, హారను గుర్తొస్తాయి. నేను గుర్తుకు రాను. నేలకు జానెడు ఎత్తున, నూనెలో మునిగి చీకట్లో బతికేదాన్ని ఎవరు తలుచుకుంటారు? అరిస్తేనే నేనున్నానని మనుషులకు తెలుస్తుంది. అందుకే అరవకుండా పనిచేయడమే మా జాతికి గొప్ప. ఆ గొప్ప నాకు చివరిదాకా దక్కలేదు. ఒక మనిషి పదకొండేళ్ళు కడుపులో దాచుకున్న మాట నా అరుపు వల్లే బయటపడింది. అది ఎవరికైనా చెప్పుకుంటే గానీ నా మనసు ఊరుకోదు.

ఎక్కడో ఉత్తరాది కార్ఖానాలో నన్ను పోత పోశారు. కడుపులో ఇరుసులు, వాటి మీద పళ్ళ చక్రాలు, వాటి మధ్య మూడు ఇత్తడి రింగులు పెట్టి మూత బిగించారు. ఈ కథంతా ఆ రింగులదే కాబట్టి వాటి పనేమిటో కాస్త చెబుతాను. మీరు గేరు మార్చేటప్పుడు కలవవలసిన చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరగవు. అలాగే కలిపితే పళ్ళూ పళ్ళూ కొట్టుకుని కర్రుమంటాయి. అందుకని రింగు ముందుగా వెళ్ళి చక్రాన్ని పట్టుకుంటుంది, వేగం సరిచేస్తుంది, ఆ తరవాతే కలవనిస్తుంది. ఆ పట్టు కోసం రింగు లోపలి వైపు వెంట్రుకంత సన్నటి గీట్లు ఉంటాయి. గీట్లు పోయిన రింగు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరు. ఆయనకు గేరురాడ్డు మీద చెయ్యి ఆనించి ఫోను మాట్లాడటం అలవాటు. ఆ చేతి బరువంతా నా మీద పడేది. నేను మూలిగితే కారు మంచిది కాదనేవాడు. మనుషుల సంగతి నాకు అప్పుడే కొంత తెలిసింది. కారుతో పాటు నన్నూ శృంగవరపుకోటలో టాక్సీ తోలే బంగారునాయుడికి అమ్మేశాడు.

బంగారునాయుడు కుర్రతనంలో లారీ క్లీనరు. మనిషి మాట మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాటీ ఎక్కి అరకు పోవడం, మళ్ళీ దిగడం, అదే అతని పని. వంపు వంపుకీ రెండు, మూడు, మళ్ళీ రెండు. సెలవు రోజుల్లో అతని కూతురు హైమ ముందు సీట్లో కూర్చుని, తండ్రి చేతి కింద తన చెయ్యి పెట్టి గేరు వేసేది. ఆ పిల్ల చెయ్యి నా రాడ్డు గుండంత కూడా ఉండేది కాదు.

హైమ తొమ్మిదో ఏట జ్వరంతో పోయింది. అయిదు రోజుల జ్వరం. ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఈ కారులోనే, తీసుకొచ్చిందీ ఈ కారులోనే. వస్తున్నప్పుడు బంగారునాయుడు నన్ను మూడో గేరు దాటనివ్వలేదు.

ఆ తరవాత హైమ తల్లి పారమ్మ మాట్లాడటం మానేసింది. పెట్టింది తినేది, పడుకోమంటే పడుకునేది, మిగతా పొద్దంతా పెరటి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేది. నాలుగు నెలలు గడిచాయి. రెండుసార్లు ఆమె బావి గట్టు దగ్గర నిలబడి లోపలికి చూస్తూ కనిపించింది. రెండోసారి ఒక కాలు గట్టు మీద ఉంది. బంగారునాయుడు చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చాడు. మర్నాటి నుంచి టాక్సీకి వెళ్ళడం మానేశాడు.

ఎన్నాళ్ళని మానేస్తాడు? ఊరంతా అడుగుతోంది. అప్పటికి నాకూ వయసు మీద పడింది. బేరింగులు ఊళ వేస్తున్నాయి, రింగులు అరిగిపోయాయి, మూడో గేరు తనంతట తనే ఊడిపోతోంది. షెడ్డులో ఇస్తే రెండు రోజుల పని. బంగారునాయుడు నన్ను షెడ్డుకి ఇవ్వలేదు. ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళ సాయంతో దింపించి, పెరటి అరుగు మీద, పారమ్మకు రెండు బారల దూరంలో గోనెపట్టా పరిచి పెట్టాడు. గేరుబాక్సు తనే విప్పుకుంటున్నానని ఊరికి చెప్పుకున్నాడు. నిజానికి ఆమెను వదిలి కదలకుండా ఉండటానికి అతనికి దొరికిన సాకును నేను. సాకుగా నన్ను వాడుకున్నందుకు నాకేమీ కోపం లేదు.

విప్పడం కూడా ఒక పద్ధతిగా చేశాడు. ఏ వరసలో ఊడదీశాడో ఆ వరసలోనే పాత చీర మీద పేర్చాడు. చేసే పనల్లా పైకి చెబుతూ చేశాడు. ఇది రెండో గేరు, ఇది మూడోది, దీని పన్ను ఒకటి విరిగింది సూడు, అంటూ. ఎవరికి చెబుతున్నాడో నాకు తెలుసు. ఆమె వింటోందో లేదో మాత్రం అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

మూడో రోజు పారమ్మ లేచి వచ్చింది. కిరసనాయిలు పోసిన బేసిను ముందు కూర్చుని ఒక చక్రం తీసుకుని పాత గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. బంగారునాయుడు పాన వదిలేసి ఆమె వైపే చూశాడు. చూస్తున్నట్టు తెలిస్తే ఎక్కడ ఆపేస్తుందోనని మళ్ళీ తల దించుకున్నాడు. ఆ రోజు ఆమె పద్నాలుగు ముక్కలు కడిగింది. నా చక్రాలను అంత ఓపికగా కార్ఖానాలో కూడా ఎవరూ తుడవలేదు.

మర్నాడు బంగారునాయుడు విశాఖపట్నం వెళ్ళి కొత్త బేరింగులు, కొత్త ఇత్తడి రింగులు మూడు తెచ్చాడు. నూనె కారకుండా పెట్టే సీలు ఒకటి మర్చిపోయాడు. ఆ పైరోజు పొద్దున్నే దానికోసం బజారుకు బయల్దేరుతూ పక్కింటి అప్పయ్యమ్మను కాస్త కనిపెట్టి ఉండమన్నాడు. అప్పయ్యమ్మ కాసేపు కూర్చుని, పొయ్యి మీద గంజి ఉందంటూ లేచిపోయింది.

పారమ్మ కొత్త రింగులు చేతిలోకి తీసుకుంది. వాటికి తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు నల్లగా అంటుకుని ఉంది. ఇత్తడి అలా నల్లబడి ఉంటే మన ఆడవాళ్ళ చేతులు ఊరుకోవు. దేవుడి గదిలో కుందులు, చెంబులు, పళ్ళేలు తోముకుంటూ పెరిగిన చేతులవి. ఆమె వంటింట్లోకి వెళ్ళి చింతపండు తెచ్చింది, ఒక పెంకు మీద ఇటుక దంచింది, కొబ్బరిపీచు తీసుకుంది. బావి చప్టా మీద కూర్చుని ఆ మూడింటినీ తోమింది. పైన, కింద, లోపల. ముఖ్యంగా లోపల. గీట్లలో మురికి ఇరుక్కుందనుకుని, అవి నున్నగా అయ్యేదాకా బొటనవేలితో ఒత్తి ఒత్తి తోమింది. అరుగు మీద విప్పి పడేసిన ఇనుపముక్కల్లా పడి ఉండి నేను చూస్తూనే ఉన్నాను. నోరుండి ఉంటే ఆ ఒక్కపూటా అరిచేదాన్ని.

బంగారునాయుడు వచ్చి చూస్తే అరుగు ఖాళీ. చేతిలో సీలు కింద పడేసి బావి వైపు పరుగెత్తాడు. పారమ్మ చప్టా మీదే ఉంది. తలెత్తి, తడి చేతుల్లో రింగులు చూపించి మాట్లాడింది.

"మసి పట్టేసినాది మావా, తోమేసినాను. సూడు, మొకం అవుపిస్తంది."

నాలుగు నెలల తరవాత వచ్చిన మాట అది. అతను చప్టా మీదే కూలబడ్డాడు. కాసేపటికి ఒక రింగు తీసుకుని అరుగు మీదికి వచ్చి, ఆమెకు వీపు పెట్టి, నా చక్రం మీద అదిమి తిప్పి చూశాడు. మంచి రింగైతే కరుచుకోవాలి. ఇది వెన్న మీద వేలులా జారిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పారమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వెనక నిలబడింది.

"బాగోనేవేటి?" అంది.

ఆ గొంతులో ఏముందో నేను విన్నాను. అవునంటే చాలు, మళ్ళీ గోడకు ఆనుకోవడానికి ఆ మనిషి సిద్ధంగా ఉంది.

"ఎంత బాగున్నాయో. ఇంత బాగ ఎవులు తోముతారే," అన్నాడు.

ఆ రింగులే బిగించాడు. ఒక్కొక్కటీ ఆమే అందించింది. మూత పెట్టి బోల్టులు బిగించేటప్పుడు అతని ముక్కు మీద నుంచి కారింది చెమటే అనుకుని ఆమె కొంగుతో అద్దింది.

ఇక నన్ను అరవకుండా నడపడం అతని వంతు అయింది. దానికి ఒకటే దారి. పాతకాలం లారీల వాళ్ళ పద్ధతి. క్లచ్ తొక్కి గేరు మధ్యకు తేవాలి, వదలాలి, ఇంజను వేగం సరిచూసి మళ్ళీ తొక్కి గేరు వెయ్యాలి. రింగు చెయ్యవలసిన పని కాలు చేస్తుందన్నమాట. అందరూ ఒకసారి తొక్కే చోట అతను రెండుసార్లు తొక్కేవాడు. ఘాటీలో రోజుకు ఎన్ని వందల గేర్లు మారుస్తాడో లెక్కపెట్టడం నాకే చేతకాలేదు. పదకొండేళ్ళలో నా పళ్ళు ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

కొత్త రింగులు తెచ్చి మార్చేస్తే పోయేది కదా అంటారు మీరు. నేనూ అనుకున్నాను. ఇంటి దగ్గర విప్పుదామంటే పారమ్మ బేసిను పట్టుకుని పక్కన కూర్చుంటుంది. షెడ్డులో ఇద్దామంటే అక్కడ పొద్దున అన్న మాట మధ్యాహ్నానికల్లా బావుల దగ్గరికి చేరుతుంది. పైగా ఆమె ఆ ముచ్చట ఊరంతా చెప్పుకుంటోంది. మా కారు గేరుబాక్సు నేనూ మావా కలిసి కట్టినాం, చప్పుడు వినిపిస్తుందేమో చూసుకోండి, అని. అలా చెప్పుకుంటూనే ఆమె మళ్ళీ వంట చేసింది, పక్కింటికి వెళ్ళింది, ఒకరోజు నవ్వింది కూడా. బంగారునాయుడికి అంతకంటే ఏం కావాలి? కాలు తనదే కదా.

ఆ కాలు ఏడో ఏటికి మొరాయించింది. ఎడమ మోకాలు వాచిపోయేది. డాక్టరు టాక్సీ మానెయ్యమన్నాడు. ఇతను వయసు వచ్చేసిందన్నాడు. సాయంత్రం కారు దిగి అరుగు మీద కాలు చాచుకుంటే పారమ్మ ఆవనూనె వెచ్చబెట్టి మర్దనా చేసేది. ఊళ్ళో అందరూ తోలుతున్నారు, నీకొక్కడికే ఏం వచ్చిందని విసుక్కునేది. అతను కళ్ళు మూసుకుని, ఇంకాస్త పైన రుద్దవే అనేవాడు. అతన్ని చూస్తే నాకు కోపమూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

పోయిన ఏడాది వానాకాలంలో బంగారునాయుడు పొద్దున్నే కారు తుడుస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేదు.

పారమ్మకు మిగిలింది ఈ కారొకటే. ఒక డ్రైవరును పెట్టింది. మొదటి రోజు తనూ కూర్చుంది. ఊరు దాటి మూడో గేరు వేశాడో లేదో నేను కర్రుమన్నాను. అరవకూడదని ఎంత అనుకున్నా నా చేతిలో ఏముంది? ఆమె ఉలిక్కిపడింది. తోలడం రాదని అతన్ని దింపేసింది. రెండోవాడి చేతిలోనూ అరిచాను, వాణ్ణీ మాన్పించింది. మూడోవాడు కాస్త పెద్దమనిషి. గేరుబాక్సులోనే ఏదో లోపం ఉందమ్మా అన్నాడు. పారమ్మకు ముక్కు మీదికి కోపం వచ్చింది. నా మొగుడు కట్టిన పెట్టెలో లోపమా, ముక్కముక్కా నా చేత్తో కడిగాను అంది. మెకానిక్కు పైడిరాజు షెడ్డుకి తనే దగ్గరుండి తీసుకెళ్ళి, తన కళ్ళముందే విప్పమంది. లోపం లేదని ఆ డ్రైవరుకి చూపించాలని ఆమె పట్టుదల.

పైడిరాజు మూత తీశాడు. చక్రాలు చూసి మెచ్చుకున్నాడు. బేరింగులు చూసి మెచ్చుకున్నాడు. ఆమె మొహం వెలిగింది. తరవాత రింగు తీసి వెలుగులో తిప్పాడు.

"ఇదమ్మా లోపం. పైన పళ్ళు కొత్తవాటిలాగున్నాయి, లోపల మాత్రం నున్నగున్నాది. అరుగుదలైతే గీతలు గుండ్రంగా ఉంటాయి. ఇవి అడ్డంగున్నాయి. బిగించకముందే ఎవలో ఇటుకపొడేసి తోమేసినారు."

పారమ్మ చెయ్యి చాచింది. రింగు అందుకుని లోపల బొటనవేలు పెట్టి చూసుకుంది. మరి ఆయన చేతిలో ఎందుకు చప్పుడు రాలేదని అడిగింది. పైడిరాజుకు ఆమె సంగతేమీ తెలియదు. తెలిసిన పని ఎవరైనా అడిగితే సంబరంగా చెప్పే మనిషి. బంగారునాయుడు పాత లారీ పద్ధతిలో గేరు గేరుకీ రెండుసార్లు క్లచ్ తొక్కి ఉంటాడనీ, అలా అయితేనే ఈ రింగులతో నడుస్తుందనీ, ఘాటీలో అలా తోలితే ఇంకొకడి కాలు రెండేళ్ళకే పడిపోయేదనీ చెప్పుకుపోయాడు.

"ఏ కాలు?" అంది పారమ్మ.

"క్లచ్చికి ఎడమ కాలే కదమ్మా."

ఆమె నా పక్కన నేల మీద కూర్చుంది. నూనె మరకల మీదే కూర్చుంది. పైడిరాజుకు అప్పుడు ఏదో అర్థమైనట్టుంది, పాన కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. షెడ్డులో నేనూ ఆమే మిగిలాం. ఆమె నా పెంకు మీద చెయ్యి వేసింది.

"ఆ రోజు నిజం సెప్పుంటే నాను సచ్చిపోదునేటి మావా?" అంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలాసేపు అలాగే కూర్చుని, ఆ రోజుల్లోని తనను తానే చూసుకుంటున్నట్టు ఆలోచించింది. పదకొండేళ్ళు అతను ఎవరికీ చెప్పని జవాబు ఆమె నోటినుంచే వచ్చింది.

"సచ్చిపోదును," అంది మెల్లగా.

అప్పుడు ఏడ్చింది. బయట ఎవరో కారు గేరు మార్చి వెళ్ళిపోయారు, చప్పుడు లేకుండా.