గాలి అందని బ్యాటరీ

"కారు అమ్మేస్తున్నాను" అన్నాడు భర్త.

ఆమె చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. పెట్టె కింద అతని చొక్కా కాలరు ఉంది. ఇంకో క్షణం ఆగితే కాలరు మాడేది. మాడలేదు. మనసు ఎక్కడున్నా చేతులు పని చేసుకుపోవడం ఆమెకి పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది.

"ఇంకాసేపట్లో తమ్ముడు ఎవరినో తీసుకొస్తున్నాడు. వచ్చిన కాడికి వదిలించుకుందాం. మామూలు బండి కొనమంటే విన్నామా? హైబ్రిడ్డట, హైబ్రిడ్డు! పెట్రోలూ బ్యాటరీ, రెండు పడవల మీద కాళ్లు" అని చొక్కా అందుకుని, గుండీలు పెట్టుకుంటూ, ఏదో ఉపకారం చేస్తున్నట్టు చివరి మాట అన్నాడు. "నీకూ ఆ దూరాభారం తప్పుతుంది."

అదీ సంగతి.

రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆమె టెక్నీషియన్. ఊరికి అవతలి చివర కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. ఇన్‌చార్జి పదవి అంతకుముందు రెండుసార్లు ఆమె కళ్ల ముందు నుంచే వెళ్లిపోయింది. రెండుసార్లూ ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లకే వెళ్లింది. "మీకు ఇల్లుంది కదమ్మా" అనేవాడు మేనేజరు, మిగతావాళ్లంతా చెట్ల మీద కాపురం ఉంటున్నట్టు. ఈసారి వేరే దారిలేక ఆమెని పిలిచాడు. తెల్లారకముందే తాళం తీయాలి, ఆ వేళకి అటు బస్సుల్లేవు, సొంత బండి ఉంటేనే కుదురుతుంది అన్నాడు. "మీవారిని ఒక మాట అడిగి రేపు సాయంత్రంలోగా చెప్పండి" అని కూడా అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఆమె ఆ మాట చెప్తే భర్త "చూద్దాం" అన్నాడు. పొద్దున్నే కారు అమ్మేస్తున్నాను అన్నాడు.

కారుకి ఏమీ కాలేదని కాదు. నిన్న అత్తగారిని మోకాళ్ల వ్యాయామానికి తీసుకెళ్లి వస్తుంటే వంతెన ఎత్తు మీద బండి బద్ధకించింది. వెనక సీటు వైపు నుంచి ఫ్యాను హోరు. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరికగా ఎర్రటి త్రికోణం. ఇంటికొచ్చి చెప్పగానే భర్త తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. ఇంట్లో ఆ తమ్ముడి పేరు సర్వజ్ఞుడు. జ్వరం నుంచి ఉపగ్రహం దాకా దేనికైనా సోఫాలోంచి లేవకుండా కారణం చెప్పగలడు. "పెద్ద బ్యాటరీ చచ్చిపోయింది వదినా. హైబ్రిడ్ అంటే అంతే. దానికి వైద్యం లేదు, దహనమే" అని నవ్వాడు.

చూడకుండానే చెప్పాడు. బానెట్ కూడా ఎత్తలేదు.

భర్త వీధి చివరి సెలూన్‌కి బయల్దేరాడు. ఆమె ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసి, షెడ్డులోకి వెళ్లింది.

ఆ బండి అందరి నోట్లోనూ "ఆయన కారు". ఆయన వారానికోసారి నడుపుతాడు, అదీ చుట్టాలు చూసేలా. టైర్లలో గాలి, ఇంజనాయిలు, మోటారుకి కరెంటిచ్చే ఇన్వర్టర్‌ని చల్లబరిచే కూలెంటు, ఇవన్నీ ఆమె వంతు. ఈ బండికి పెద్ద బ్యాటరీతోపాటు ఓ చిన్న బ్యాటరీ ఉంటుందనీ, బండిని కదపకుండా వారాల తరబడి వదిలేస్తే ఆ చిన్నది పడుకుంటుందనీ, అది పడుకుంటే పెద్దది ఎంత బలంగా ఉన్నా బండి లేవదనీ ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. బ్రేకు నొక్కినప్పుడల్లా మోటారే వేగాన్ని లాక్కుని బ్యాటరీలో దాచుకుంటుంది కాబట్టి అసలు బ్రేకులకి పని తక్కువ, తుప్పు ఎక్కువ. అందుకే అప్పుడప్పుడూ ఖాళీ రోడ్డు చూసి గట్టిగా నొక్కేది. "కారుకి కూడా ఉపచారాలా? మాకూ కాస్త మిగుల్చు" అనేవాడు భర్త. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వులన్నీ ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు మండింది. ఇంజను గుర్రుమంటే బండి కష్టపడుతోందంటారు. మోటారు చప్పుడు చేయకుండా మోస్తే, బండి దానంతటదే పోతోందంటారు. ఈ ఇల్లు దానంతటదే నడుస్తోందని అందరూ అనుకోవడం కూడా అలాంటిదే.

సరే, మంట తర్వాత. ముందు పరీక్ష.

ల్యాబ్‌లో ఆమె కొత్తవాళ్లకి మొదట చెప్పేది ఒకటే. రిపోర్టు చూసి రోగి పోయాడనుకోకండి, శాంపిల్ సరిగ్గా తీశారో లేదో చూడండి. త్రికోణం వెలిగిందంటే బ్యాటరీ చచ్చిందని కాదు. దానికేదో అయిందని. ఏమైంది? హోరు ఎక్కడిది? వెనక సీటు పక్కది. అక్కడేముంది? పెద్ద బ్యాటరీకి చల్లగాలి పీల్చే జాలీ.

బండి పవర్ ఆపి, షాక్ కొట్టే నారింజరంగు హైవోల్టేజి తీగల జోలికి పోకుండా, వెనక తలుపు తీసి మోకాళ్ల మీద కూర్చుంది. సీటు పక్కన ఎవరి కంటా పడని మూలలో అరచేతంత జాలీ ఉండాలి. జాలీ కనపడలేదు. దాని నిండా నాలుగు మడతలు పెట్టి కుక్కిన ఊలు గుడ్డ ఉంది. బూడిదరంగు. అత్తగారి పాత శాలువా ముక్క.

"అది నేనే పెట్టాను."

ఉలిక్కిపడి తలెత్తింది. షెడ్డు గుమ్మంలో అత్తగారు, గోడ పట్టుకుని.

"ఎందుకత్తయ్యా?"

"ఆ కంతలోంచి గాలి పోతూ ఉంటుందే అమ్మాయ్. నా మోకాలు దాని పక్కనే. చలికి కొరికేస్తుంది. వాడికి ఎన్నిసార్లు చెప్పాను! 'సర్దుకుని కూర్చో అమ్మా, కారులో కూర్చోడమే గొప్ప' అన్నాడు. నాకు తోచింది నేను చేశాను." ఆవిడ గొంతు తగ్గింది. "దానివల్లేనా? బండి పాడైంది నావల్లేనా? వాడికి చెప్తావా?"

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా, గొంతుదాకా. "నాకెందుకు చెప్పలేదు?" అనబోయి ఆగింది. తనేం అడిగింది గనక? ఇన్నాళ్లూ అద్దంలోంచి ఆవిడ మొహం చూస్తూ నడిపింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి, బాగా కూర్చున్నారా అని అడిగిందా? ఆవిడ కొడుకుతోనే చెప్పుకుంది, ఎందుకంటే ఆవిడ దృష్టిలోనూ కారు కొడుకుదే.

"టార్చ్ పట్టుకోండి అత్తయ్యా" అంది.

గుడ్డ లాగేసి జాలీ ఊడదీసింది. లోపలి ఫిల్టరు మీద ఊలు నూగు పరుపులా పేరుకుపోయింది. మెత్తటి బ్రష్షుతో దులిపి, వాక్యూమ్ పెట్టి లాగింది. "నా శాలువా సగం ఇందులోనే ఉంది" అంది అత్తగారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఈసారి నవ్వినందుకు ఆమెకి ఒళ్లు మండలేదు.

జాలీ బిగించింది. బండి ఆన్ చేసింది. త్రికోణం లేదు. రాత్రంతా చల్లారిన బండికి అదేం పరీక్ష కాదు.

"ఎక్కండి. వంతెన దాకా వెళ్లొద్దాం."

అత్తగారు అలవాటుగా వెనక తలుపు పట్టుకుంది.

"అక్కడ కాదు. ముందు."

"ముందు వాడు కదే కూర్చుంటాడు!"

"వాడు సెలూన్‌లో ఉన్నాడు" అంది ఆమె. మొగుణ్ణి మొదటిసారి అత్తగారి ముందు 'వాడు' అన్నందుకు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తగారు ముందు సీట్లో కూర్చుంది.

వంతెన ఒకసారి ఎక్కారు. ఆమెకి చాల్లేదు. తిప్పి మళ్లీ ఎక్కించింది, ఏసీ వేసి, కావాలని గట్టిగా తొక్కి. హోరు లేదు. ఎర్రదీపం లేదు. బండి ఎత్తు మీదికి జారినట్టు పోయింది. "రోడ్డు ఇంత వెడల్పా?" అంది అత్తగారు.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర భర్త, సర్వజ్ఞుడు, కొనడానికొచ్చిన బట్టతల మనిషి నిలబడున్నారు.

"ఎక్కడికెళ్లావు? దార్లో ఆగిపోతే?" అన్నాడు భర్త.

"ఆగలేదు. రెండుసార్లు వంతెన ఎక్కింది. చూసుకోండి."

సర్వజ్ఞుడు తల లోపలికి పెట్టి డ్యాష్‌బోర్డు చూశాడు. "అదెలా వదినా? బ్యాటరీ..."

"చావలేదు. గాలి అందలేదు. ఫిల్టరు మూసుకుపోయింది, జాలీకి గుడ్డ అడ్డంపడింది."

"గుడ్డా? ఎవరు పెట్టారు?" భర్త గొంతు లేచింది.

"ఎందుకు పెట్టాల్సొచ్చిందో అడగండి."

"నేనే పెట్టాను" అంది అత్తగారు ముందు సీట్లోంచే. "చలేస్తోందని నీకు చెప్పాను. విన్నావా?"

బట్టతల మనిషి తప్పు ఇంటికి వచ్చానన్నట్టు వాచీ చూసుకుని, తర్వాత మాట్లాడదామని చెప్పి వెళ్లిపోయాడు. భర్త బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద చెయ్యి వేసి తట్టాడు, పందెం గెలిచిన గుర్రాన్ని తట్టినట్టు.

"పోన్లే, బాగైందిగా. ఇంక అమ్మక్కర్లేదు. సోమవారం నుంచి నేనే ఆఫీసుకి తీసుకెళ్తా."

ఆమె అతన్ని చూసింది. బండి పాడైతే ఆమెకి లేదు. బాగైతే అతనికి ఉంది. ఇంత తేలిక లెక్క ఇన్నేళ్లూ తనకెందుకు అందలేదో ఆమెకి అర్థం కాలేదు. గొడవపడాలనిపించలేదు. బతిమాలాలని అసలే అనిపించలేదు. ఫోన్ తీసి, అందరి ముందే మేనేజరుకి చేసింది.

"సార్, సోమవారం బ్రాంచి తాళం నేనే తీస్తాను... లేదు సార్, ఎవర్నీ అడగలేదు. చెప్పాను."

ఫోన్ పెట్టేసి, తాళంచెవి బండికే వదిలేయకుండా తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది.

"కారు నా పేరు మీదుంది" అన్నాడు భర్త.

"ఉంచుకోండి. పేరు నడపదు కదా. మీ ఆఫీసు ముందే బస్సాగుతుంది."

సర్వజ్ఞుడు ఆకాశంలోకి చూశాడు. దీనికి కారణం అతని దగ్గర లేదు.

"అది కాదే" అన్నాడు భర్త. ఈసారి గొంతులో కోపం లేదు, నిజమైన బెంగ ఉంది, పెళ్లయ్యాక మొదటిసారి ఆ ఆలోచన వచ్చినవాడిలా. "అంత పొద్దున్నే నువ్వెళ్లిపోతే ఇల్లెవరు చూస్తారు?"

ఆమె అత్తగారి వైపు తలుపు తెరిచి, చెయ్యి అందించి దింపింది. గుమ్మం దాకా నడిపించింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఇంట్లో ఉన్నవాళ్లు" అంది.