ఎడమ మూలలో మ్యాప్

ప్రణయ్ మళ్లీ చచ్చాడు. ఈసారీ ఎడమవైపు నుంచే.

గోడంత టీవీ మీద ఆట బూడిద రంగుకు తిరిగింది. మరికాసేపట్లో హైదరాబాద్ జట్టువాళ్ల సెలెక్షన్ మ్యాచ్. అందులో గెలిస్తే సరే, లేదంటే రేపటి నుంచి తాండూరులో తమ బండలు కోసే యూనిట్‌లో రంపాల దగ్గర నిలబడాలని నాన్న జనార్దన్ తేల్చి చెప్పేశాడు.

"టీవీదేరా తప్పు," అన్నాడు విజయ్‌కుమార్. కంప్యూటర్లు బాగుచేసే దోస్తు. "ఇది సీరియళ్లకు చేసింది. బొమ్మకు సోకులు చేసుకుంట కూసుంటది. నువ్వు మౌస్ నొక్కినంక జర ఆగి చూపిస్తది. ఆగు, గేమ్ మోడ్ పెడ్త."

పెట్టాడు. కేబుల్ ఇంకో పోర్టుకు మార్చాడు. మౌస్ కదిపితే తెరమీద బాణం వేలికి అతుక్కున్నట్టే కదిలింది. ప్రణయ్‌కి ప్రాణం లేచొచ్చింది. పాత మానిటర్ చిన్నది కాబట్టే శత్రువులు కనిపించడం లేదని ఇన్నాళ్లూ అనేవాడు. ఆ మాట చెవినపడగానే అమ్మ మనోరమ హాల్లోని టీవీని తనే విప్పించి ఈ గదిలో పెట్టించింది. సీరియల్ వేళ రిమోట్ ముట్టుకుంటే మీదపడి కరిచే మనిషి!

మళ్లీ ఆడాడు. మళ్లీ చచ్చాడు.

"అరె, మ్యాప్ సూడవేందిరా? శత్రువున్న కాడ ఎర్ర చుక్క గట్ల మెరుస్తుంటే!"

"ఏడుంది?"

"పరాచికాలాడకు. ఎడమ మూలకు. ఎప్పుడూ ఆడనే ఉంటది గద!"

ప్రణయ్ తల తిప్పాడు. మ్యాప్ కనిపించింది. కానీ కుడివైపు తెర మాయమైంది.

విజయ్‌కుమార్ మొహంలో నవ్వు ఆరిపోయింది. "తెర నడుమకే సూడు. తల తిప్పకు. నా చెయ్యి కనవడ్తుందా?"

"ఏ చెయ్యి?"

ఆ చెయ్యి ప్రణయ్ చెంప పక్కనే ఊగుతోంది.

ఇద్దరూ కుర్చీని వెనక గోడదాకా లాగారు. అక్కడి నుంచి తెర మొత్తం కళ్లలో పట్టింది. కానీ మ్యాప్‌లో చుక్కలు ఆవగింజలంత అయ్యాయి. ఇంతలో మ్యాచ్ మొదలైంది.

"ఎడమకు, ప్రణయ్! ఎడమకు!" హెడ్‌సెట్‌లో ఎవరో అరిచారు. తిరిగేలోపే అయిపోయింది. రెండోసారీ అంతే. ఆఖరున ఒక మర్యాదైన గొంతు, "థాంక్యూ బ్రదర్, మళ్లెప్పుడైనా కలుద్దాం," అంది.

"టీవీ మోసం చేసిందని చెప్త. ఇంకో చాన్స్ అడుగుదాం," అన్నాడు విజయ్‌కుమార్.

"వద్దురా."

మనోరమ చాయ్ తెచ్చింది. చేతి పక్కనున్న స్టూలు మీద పెట్టలేదు. తిన్నగా అతని ఎదుటికి చాపింది. ప్రణయ్ కప్పును చూశాడు, అమ్మను చూశాడు. దసరా నుంచీ అన్నం కంచమూ ఇలాగే నడిమధ్యకే వస్తోంది. తన కాళ్లకు తగులుతుండే నీళ్ల బిందెను దారిలోంచి ఎవరో తీసేసి చాలా రోజులైంది.

"అమ్మా, బంట్వారం మామకు కండ్లెట్ల పోయినయే?"

మేనమామకు చిన్నప్పుడు జ్వరమొచ్చి కళ్లు పోయాయన్నది ఆ ఇంట్లో చెప్పుకునే మాట. ఆమె కప్పును స్టూలు మీద పెట్టేసింది.

"జ్వరం కాదు కొడుకా. మొదలు పక్కలకు కనవడకపోతుండె. చెంబులు తన్నుతుండె. ఎడ్లను గుద్దుకుంటుండె. అప్పటికి నీ అంతనే ఉండె."

"గందుకేనా టీవీ ఇచ్చినవ్?"

"పెద్దగుంటే కనవడ్తదేమో అనుకున్న."

కింద గేటు చప్పుడైంది. జనార్దన్ గొంతు మెట్లెక్కింది. "ఏమైంది, మనోరమా? సెలెక్టయిండా? కాకుంటే పొద్దుగాల నా ఎంబడి రమ్మను. రంపం కాడ మనిషి లేడు."

"వాడు రాడు," అంది ఆమె.

"రాడా? ఎందుకు రాడే?"

విజయ్‌కుమార్ నేల చూపులు చూశాడు. ఇప్పుడైనా నాన్నకు నిజం చెబుతుందేమోనని ప్రణయ్ అమ్మ నోటివైపే చూస్తున్నాడు. ఆమె వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చెప్పుల చప్పుడు మెట్ల మీద దగ్గరవుతూ వచ్చింది.