ఈరమ్మ వెంట ఎండ

వారానికి మూడు రోజులు ఈరమ్మ పొద్దు పొడవగానే గూడెంలో బయలుదేరి, నల్లమల దిగి, పది గంటలకల్లా ఆళ్లగడ్డ ఆడపిల్లల హాస్టల్ వెనక కట్టెలమోపు దించేది. ఆమె కట్టెలు ఎంత ముసురులోనూ తడిసేవి కావు. పగలు ఉన్నంతసేపు ఈరమ్మ ఎక్కడుంటే అక్కడ మంచమంత మేర ఎండ ఉండేది. పుట్టినప్పటి నుంచీ అంతే. వానాకాలంలో బాలింత గుడ్డలు ఆరాలన్నా, వడియాలు ఎండాలన్నా ఊళ్లోవాళ్లు ఆమెను పిలిచి కాసేపు మిద్దెమీద కూర్చోబెట్టుకునేవాళ్లు. టీ ఇచ్చి పంపేవాళ్లు.

హాస్టల్లో వంట లూదియాది. అరవైమంది పిల్లలకు ఇరవై ఏండ్లు పొగలో వండి ఆమె చూపు మసకబారింది. పొగ దగ్గరికి పోవద్దని నంద్యాల కంటి డాక్టరు చెప్పాడు. వంట మానేస్తే ఆమెకు తలదాచుకోను గది కూడా లేదు.

1998 వేసవిలో వార్డెన్ ప్రసన్నకుమారి ఆఫీసుల చుట్టూ తిరిగి మిద్దెమీదికి ఒక సోలార్ పొయ్యి తెప్పించింది. అద్దాలు అతికించిన పెద్ద పళ్లెం, దాని ముందర గుండిగ. మొదటిరోజు లూదియా అలవాటుగా గుండిగ కింద ఊదబోయి, తనలో తనే నవ్వుకుంది.

"ఇంక కట్టెలు వద్దులే ఈరమ్మా" అంది వార్డెన్, ఆమె మొహం చూడలేక.

ఈరమ్మ మోపును బస్టాండు హోటలుకు మోసింది. వాళ్లు ఎప్పుడో ఒకనాడు గానీ కొనేవాళ్లు కాదు. ఆ వేసవంతా ఆమె ఇంట్లో గంజి పలచబడింది.

ఆగస్టులో ముసురు పట్టింది. తొమ్మిది రోజులు సూర్యుడు కనపడలేదు. ఇప్పుడైతే కట్టెలు కావాల్సి వస్తాయని పదో రోజు ఈరమ్మ మోపుతో హాస్టల్‌కు వచ్చింది. వంటింటి నిండా పొగ. లూదియా తడికట్టెలను ఊదుతూ దగ్గుతోంది.

"ఏందక్కా, మళ్ల ఈడనే వండుతాండావ్?"

"ఏం సేసేది? పైనుండేది సల్లగా పడుండాది. వాడకుంటే సోమవారం ఆఫీసోళ్లు లారీ తెచ్చి తీస్కపోతారంట. దించు, నీ కట్టెలన్నా మండుతాయి."

ఈరమ్మ దించలేదు. తలమీద బరువుతో అలాగే నిలబడింది. పైకి పోయి ఒక గంట కూర్చుంటే చాలని ఆమెకు తెలుసు. కూర్చుంటే ఈ ఇంటికి తన మోపు ఇంకెప్పటికీ అక్కర్లేదనీ తెలుసు. ఇంతలో లూదియా కండ్లు ఒత్తుకుంటూ, ఉప్పనుకుని పసుపు డబ్బాలో చెయ్యి పెట్టింది.

ఈరమ్మ మోపును గోడకు ఆనించి మెట్లెక్కింది. పళ్లెం పక్కన చతికిలబడింది. ఎండ ఆమె చుట్టూ కాస్త సర్దుకుని అద్దాలన్నిటి మీదికీ పాకింది. నాలుగు పక్కలా వాన పడుతుండగానే గుండిగ కుతకుతమంది. పిల్లలు జడలు ఆరబెట్టుకోవడానికి వచ్చి ఆమె పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

సోమవారం లారీతో వచ్చిన ఆఫీసాయన గొడుగు ముడిచి, మిద్దెమీద ఈరమ్మ పక్కన ఆ ఎండలోనే నిలబడి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. "బాగానే పనిచేస్తాండాదే" అని ఖాళీ లారీతో వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వార్డెన్ ఈరమ్మను పిలిపించింది.

"ఆయమ్మ పోస్టొకటి ఖాళీగా ఉండాది. నీ పేరు రాస్తా. సేస్తావా?"

"ఏం పనమ్మా?"

"ఎండను సూసుకోవాల."

"అదే నన్ను సూసుకుంటాది. దాన్ని నేనేం సూసేదమ్మా?"

"అయితే ఊరికే కూర్చో."

ఈరమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. ఎండ బాగా కాసే నెలల్లో ఉల్లిగడ్డలు తరిగింది, బియ్యం ఏరింది. ఒంటిమనిషి కాబట్టి లూదియా గదిలోనే రెండో మంచం వేసుకుంది.

మరుసటేడు లూదియాను నంద్యాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది ఈరమ్మే. డాక్టరు కండ్లలో లైటు వేసి చూసి, కొత్త కండ్లద్దాలు రాసిచ్చాడు. సాయంత్రానికి వాటిని అక్కడే అంగట్లో చేయించుకుని పెట్టుకుంది లూదియా. వచ్చేటప్పుడు బస్సు శిరివెళ్లలో ఆగింది. లూదియా కిటికీలోంచి తల బయటపెట్టి, ఎరువుల అంగడి బోర్డు పైకి చదివింది. తర్వాత టైలరు బోర్డు చదివింది. ఆ తర్వాత పక్కనే నిలబడిన ట్రాక్టరు మీది పేరు.

ఈరమ్మకు చదువు రాదు. ఆమె జరిగి లూదియా భుజానికి ఆనుకుంది.

"ఇంకోటి సదువక్కా" అంది.