నాన్న పోలిక

రోజూ ఇల్లు తుడిచేటప్పుడు గుమ్మం లోపల రెండు పాదాల గుంటల్లో నీళ్లు నిలిచేవి. ఆవిడ వాటిని పొడిగుడ్డతో అద్ది, ఆ తర్వాతే స్టవ్ వెలిగించేది.

ఆ గుంటలు ఆవిడ భర్తవి. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో ఆయన పదకొండేళ్లు చేశాడు. మనిషి ఏటికేడూ చిక్కిపోతూనే బరువెక్కాడు. చివరికి చెప్పులు వేసుకోవడానికి నిలబడితే గచ్చు దిగబడేది. ఇరుగుపొరుగు వస్తే కింద చూసుకుని అడుగు వేసేవాళ్లు, అంతే. ఆయన పక్కనే, అదే పొగలో నిలబడ్డ మేస్త్రీ మాత్రం ముప్పై ఏళ్ల పని తర్వాత ఇప్పటికీ మెట్లు రెండేసి ఎక్కుతాడు.

"సీసం కొందరికి ఒంటికి పడుతుందమ్మా, కొందరికి పట్టదు. ఆ గుణం రక్తంలోనే ఉంటుందట, డాక్టరు చెప్పాడు," అన్నాడు మేస్త్రీ అప్పట్లో.

తిండి తప్ప అన్నీ ఒంటికి పట్టేవి ఆయనకి.

ఇవాళ కూతురు అదే షెడ్డులో చేరుతోంది. తల్లి వారం రోజులు వద్దని పోరింది.

"మేస్త్రీ మామయ్యకి ఏమీ కాలేదుగా. నాకు మాత్రం ఎందుకవుతుంది?" అంది పిల్ల.

అచ్చం నాన్న పోలికే అని వీధంతా చెప్పుకుని మురిసిపోయింది ఈ తల్లే. ఇప్పుడా మాట ఎవరన్నా అంటే లోపలికి వెళ్లిపోతోంది.

మేస్త్రీ వచ్చి బయట నిలబడ్డాడు. పిల్ల హడావిడిగా చెప్పుల కోసం వచ్చి గుంటల్లో కాళ్లు పెట్టేసింది. వేలికి వేలు, మడమకి మడమ సరిపోయాయి.

"అమ్మా, కాళ్లు రావట్లేదు."

తల్లి లాగింది. మేస్త్రీ లోపలికొచ్చి లాగాడు. గచ్చు చల్లగా పట్టుకునే ఉంది. అవతల షెడ్డు సైరన్ మోగి ఆగింది.

మేస్త్రీ వంగి ఆ పాదాల్ని చూశాడు. మొహం పాలిపోయింది.

"మీ ఆయన పిల్లని వదలడమ్మా," అన్నాడు మెల్లగా. "పనికి ఇంకెవర్నైనా చూసుకుంటాలే."

అతను వీధి మలుపు తిరిగాక కాళ్లు వాటంతటవే వచ్చాయి. పిల్ల ఏడుస్తూ కూలబడింది. తల్లి ఆ అరికాళ్లని సబ్బుతో మూడుసార్లు కడిగింది. మూడోసారి కూడా బూడిదరంగు నీళ్లే పోయాయి.

మర్నాడు ఇల్లు తుడుస్తుంటే గుమ్మం దగ్గర నీళ్లు నిలవలేదు. గచ్చు నున్నగా ఉంది. ఆయన పోయి మూడేళ్లయినా, పోయాడని ఆవిడకి అప్పుడే తెలిసింది. లోపల పిల్ల ఇంకా నిద్రలో ఉంది. ఆవిడ పొడిగుడ్డ చేత్తో పట్టుకుని, ఎక్కడ అద్దాలో తెలియక అక్కడే కూర్చుంది.